పది బై పదకొండు బెడ్రూముకి 5.1 హోమ్ థియేటరా, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. బెంగళూరు మారతహళ్ళిలో అద్దె ఇల్లు, పది బై పదకొండు బెడ్రూము, అందులోనే కంప్యూటర్ టేబులూ మంచమూ బీరువా. పగలు ఆఫీసు కాల్స్, రాత్రి పాటలు, సినిమాలు, అప్పుడప్పుడు గేమ్స్. పన్నెండు వేల దాకా పెట్టగలవు. షాపులో 5.1 అని, ఐదు స్పీకర్లూ, బాస్ అంటే లోతైన కింది శబ్దం కోసం ఒక పెద్ద సబ్‌వూఫరూ ఉన్న హోమ్ థియేటర్ చూపించి "పది వేల వాట్స్ సార్" అన్నారు, అదే డబ్బుకి ఇంకోచోట రెండంటే రెండే చెక్క డబ్బాలు ఇస్తున్నారు, ఏది కొనాలన్నా అని. రేపు హాల్లో టీవీ కొంటే దానికీ పనికొస్తాయా అన్నది రెండో ప్రశ్న.

ఆ రెండు చెక్క డబ్బాలే తీసుకో. లోపలే ఆంప్లిఫయర్ ఉన్న బుక్‌షెల్ఫ్ జత, కింది, మధ్య శబ్దాలకి 4 అంగుళాల వూఫరు, దాని పైన సన్నటి పై శబ్దాలకి విడిగా ట్వీటరు, వెనకాల టీవీ వైరు పెట్టుకునే ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్నది చూసుకో. సబ్‌వూఫర్ ఇప్పుడు వద్దు. టీవీకి కూడా అవే పనికొస్తాయి, అది కింద చెప్తా.

నేను బెంగళూరులో ఇళ్ళల్లో ఆడియో బిగించే పని చేస్తా, సర్వీసు కూడా చూస్తా. వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం, బీటీఎం ఇలా మనవాళ్ళు ఎక్కువుండే ఏరియాల నుంచి నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు నీ ప్రశ్నే ఉంటుంది, కాకపోతే వాళ్ళు కొనేశాక చేస్తారు, నువ్వు కొనకముందే అడిగావు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు డబ్బు లెక్క చూడు. పన్నెండు వేలని ఆరు డబ్బాలకి పంచితే ఒక్కో డబ్బాకి రెండు వేలు. అందులోంచే ఆంప్లిఫయరు, ట్రాన్స్‌ఫార్మరు, రిమోటు, వైర్లు, అట్టపెట్టె, డీలర్ మార్జిను అన్నీ పోవాలి. ఇంక లోపలి కోనుకీ అయస్కాంతానికీ మిగిలేదెంత? నా దగ్గరికి రిపేరుకి వచ్చే చవక 5.1 సెట్లు విప్పితే ఆ చిన్న శాటిలైట్ డబ్బాల్లో మూడంగుళాల పేపర్ కోను ఒకటి, ట్వీటర్ ఉన్నట్టు కనపడే చోట ఉత్త ప్లాస్టిక్ డిజైను. గొంతు ఉండేది బాస్‌కీ పై శబ్దానికీ మధ్య భాగంలో, ఆ చిన్న కోను దాన్ని మోయలేదు, సబ్‌వూఫర్ ఏమో పైదాకా వచ్చి గొంతుని కూడా గుబగుబలాడిస్తుంది. పాటలో తబలా చెవులు పగిలేలా వినపడుతుంది, పాడేవాళ్ళ మాట మాత్రం అర్థం కాదు. అదే డబ్బు రెండు డబ్బాల మీద పెడితే ఒక్కోదానికి ఆరు వేలు. తేడా అక్కడే వస్తుంది.

ఇంకోటి, నువ్వు వినే పాటలన్నీ స్టీరియోనే, అంటే రెండు చానళ్ళు. సినిమాకి 5.1 బాగుంటుంది, కాదనను, కానీ వెనక స్పీకర్లు నీ చెవులకి రెండు పక్కలా కొంచెం వెనగ్గా ఉండాలి. నీ గదిలో వెనక మంచం, ఒక పక్క బీరువా, ఇంకో పక్క తలుపు. ఎక్కడ పెడతావు? చివరికి అందరూ చేసేదే చేస్తారు, ఐదూ తెచ్చి టీవీ చుట్టూ పేరుస్తారు.

వాట్స్ గురించి. డబ్బా మీద పీఎంపీఓ అని ఉంటే ఆ నంబర్ని చదవనే చదవకు. దాన్ని ఎలా కొలవాలో ఒక పద్ధతంటూ లేదు, ఎవరికి తోచిన సున్నాలు వాళ్ళు పెట్టుకుంటారు. ఆర్‌ఎంఎస్ అని ఉన్నది చూడాలి, అంటే ఆగకుండా నిజంగా ఇవ్వగలిగే పవరు. షాపులో నువ్వే తేల్చుకోగల చిన్న పరీక్ష ఉంది: డబ్బాని వెనక్కి తిప్పి కరెంటు లేబులో అడాప్టరో చూడు. 12 వోల్టులు 2 ఆంపియర్లు అని ఉందనుకో, 12 ఇంటూ 2, 24 వాట్లు. గోడ నుంచి లోపలికి వచ్చేదే 24 వాట్లైతే బయటికి వెయ్యి వాట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఇది చూపిస్తే షాపులో ఇంక వాట్స్ గురించి మాట్లాడరు.

నిజానికి నీకు కావాల్సింది చాలా తక్కువ. మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకరు ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 85 డెసిబెల్స్ చుట్టుపక్కల వినపడుతుంది. మనం మామూలుగా మాట్లాడుకునేది 60 దగ్గర. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజూ ఎనిమిది గంటలుంటే చెవులకి ముప్పు మొదలవుతుందని డాక్టర్లు చెప్తారు. పవరు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు పదింతల పవరు కావాలి. టేబుల్ ముందు రెండున్నర అడుగుల దూరంలో కూర్చునేవాడికి ఒక్కో వైపు 20 వాట్స్ ఆర్‌ఎంఎస్ ఉంటే పూర్తిగా తిప్పే అవసరమే రాదు.

ఇప్పుడు అసలు విషయం, నీ గది. బెంగళూరు అద్దె ఇళ్ళల్లో ఈ పది బై పది, పది బై పదకొండు గదులు కోకొల్లలు. ఎత్తు కూడా పది అడుగుల దాకా ఉంటుంది. కింద నున్నటి టైల్సు, పైన స్లాబు, చుట్టూ సిమెంటు గోడలు, కర్టెన్ కూడా పల్చటిదే. ఇలాంటి గదిలో బాస్ ఎలా ఉంటుందో లెక్క కట్టొచ్చు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. పది అడుగులంటే మూడు మీటర్ల చిల్లర. ఎదురెదురు గోడల మధ్య సరిగ్గా సగం అల పట్టే శబ్దం దగ్గర గది మోగుతుంది, నీకది పది అడుగుల వైపు 56 హెర్ట్జ్ (సెకనుకి 56 కంపనాలు), పదకొండు అడుగుల వైపు 51, ఎత్తు కూడా పదే అయితే మళ్ళీ 56. మూడూ ఒకేచోట గుంపుగా పడ్డాయి చూడు. అంటే ఆ 50, 60 హెర్ట్జ్ మధ్య ఏ బాస్ నోట్ వచ్చినా గది దాన్ని పట్టుకుని వదలదు, పక్క నోట్లు మామూలుగా వినపడతాయి, అదొక్కటే "బోంయ్" అని సాగుతుంది. సబ్‌వూఫర్ ఎంత పెద్దదైతే ఆ బోంయ్ అంత పెద్దది. అందుకే వద్దన్నా.

కుందలహళ్ళి దగ్గర ఒక ఇంటికి పిలిచారు. కొత్త 2.1 సెట్టు, అంటే రెండు స్పీకర్లూ ఒక సబ్‌వూఫరూ, బ్రాండూ మంచిదే, కుర్చీలో కూర్చుంటే బాసే లేదు, వెనక మంచం మీద పడుకుంటే గుండెల మీద గుద్దినట్టుంది, ఈలోపు కింద అంతస్తు నుంచి ఓనర్ ఆంటీ రెండుసార్లు ఫోను. స్పీకర్ పాడైందని వాళ్ళ నమ్మకం. వెళ్ళి చూస్తే గది చదరం, కుర్చీ సరిగ్గా గది నడిమధ్యలో ఉంది, సబ్‌వూఫరు టేబుల్ కింద మూలకి నెట్టి ఉంది. ఫోన్‌లో టోన్ జనరేటర్ ఆప్ పెట్టి 56 హెర్ట్జ్ వదిలి ఆ అబ్బాయిని గదిలో నడవమన్నా. గోడ దగ్గర హోరు, ఒక్కో అడుగూ లోపలికి వస్తుంటే తగ్గుతూ వచ్చి కుర్చీ దగ్గరికొచ్చేసరికి దాదాపు మాయం, మంచం దాటి అవతలి గోడ చేరేసరికి మళ్ళీ హోరు. బీరువా తలుపు కూడా ఆ ఒక్క నోటుకే జరజరమంటోంది. ఆ నోటుకి గది మధ్యలో శబ్దం చచ్చిపోతుంది, గోడల దగ్గర కూడుతుంది, ఏ కంపెనీ స్పీకరైనా అంతే. టేబుల్‌ని గోడవైపు రెండడుగులు జరిపాం, కుర్చీ మధ్యలోంచి బయటికొచ్చింది. సబ్‌ని మూలలోంచి లాగి కింద మందపాటి రబ్బరు మ్యాటు వేసి దాని వాల్యూమ్ సగానికి తగ్గించాం. బీరువా తలుపు సందులో మడిచిన అట్టముక్క. కొత్తగా ఏమీ కొనలేదు, పాట మాత్రం మారిపోయింది, కింద నుంచి ఫోన్లూ ఆగిపోయాయట.

బాస్ స్లాబు గుండా పోతుంది తమ్ముడూ, తలుపులు మూసినా ఆగదు. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్ద పరిమితి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. ఆ రూలు సంగతి అటుంచు, పొద్దున్నే మెట్ల మీద ఎదురయ్యే ఓనర్ మొహం చూడాలి కదా. మంచి 4 అంగుళాల వూఫరు 60, 70 హెర్ట్జ్ దాకా దిగుతుంది. మగ గొంతు మొదలయ్యేదే సుమారు 85 దగ్గర, మృదంగం, తబలా, ఢోలక్ అన్నీ దాంట్లో నిండుగా పలుకుతాయి. బేస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్, అదీ సినిమాలో పేలుళ్ళ అడుగుభాగమూ మాత్రమే తగ్గుతాయి. అద్దె ఇంట్లో ఆ తగ్గడం నీకే మంచిది. అయినా రేపు సొంత ఇల్లు తీసుకుంటే కలుపుకోవచ్చు అనిపిస్తే, వెనక సబ్ అవుట్, అంటే సబ్‌వూఫర్‌కి వైరు పెట్టుకునే రంధ్రం, ఉన్న మోడల్ చూసుకో.

ఎక్కడ పెడతావన్నదే సగం పని. రెండు స్పీకర్లూ నీ తలా ఒక త్రిభుజం, మూడు వైపులా దూరం సమానంగా ఉండాలి. నాలుగడుగుల టేబుల్ అయితే మానిటర్‌కి అటూ ఇటూ పెడితే దాదాపు అదే వస్తుంది. ట్వీటరు చెవి ఎత్తుకి రావాలి, టేబుల్ మీద ఉత్తగా పెడితే అది ఛాతీ వైపు పాడుతుంది, పైగా టేబుల్ చెక్క మీద పడి తిరిగొచ్చిన శబ్దం కలిసి గొంతు డొల్లగా వినపడుతుంది. కింద ముందువైపు ఏదన్నా పెట్టి పైకి వాల్చు, లేదా నాలుగైదు అంగుళాలు ఎత్తు లేపు, పాత పుస్తకాలు చాలు. టేబుల్ ముందు అంచుకి దగ్గరగా ఉంచు. వెనకాల గుండ్రటి రంధ్రం ఉండే మోడళ్ళకి గోడ నుంచి అరడుగన్నా ఖాళీ వదులు. స్పీకర్ని అడ్డంగా పడుకోబెట్టొద్దు, చూడ్డానికి బాగుందని చాలామంది పెడతారు, తల కాస్త కదిపితే చాలు శబ్దం మారిపోతుంది.

అన్నీ పెట్టాక ఘంటసాల గారి పాట ఏదన్నా ఒకటి వెయ్యి. ఆ రోజుల సినిమా పాటలు మోనో రికార్డింగులు, రెండు చానళ్ళలోనూ ఒకటే ఉంటుంది. అంటే ఆయన గొంతు కుడి నుంచీ రాకూడదు, ఎడమ నుంచీ రాకూడదు, సరిగ్గా మానిటర్ మధ్యలోంచి, అక్కడ స్పీకరే లేని చోట నుంచి రావాలి. అలా వచ్చిందంటే నువ్వు పెట్టింది కుదిరినట్టే. గొంతు ఒక పక్కకి లాగుతుంటే ఆ వైపు స్పీకర్ దగ్గరైంది, లేదా ఆ పక్క గోడ మరీ ఆనుకుని ఉంది. గొంతు ఎక్కడుందో తెలియకుండా గదంతా పరుచుకుని బాస్ కూడా పల్చబడిందంటే వైరు తిరగబడింది. ఈ జతల్లో చాలావాటిల్లో ఆంప్లిఫయర్ ఒక డబ్బాలోనే ఉంటుంది, రెండో దానికి మామూలు జంట తీగ పోతుంది, రెండు చివర్లా ఎర్ర క్లిప్పుకి ఎర్ర తీగే పెట్టాలి. సర్వీసుకని వెళ్ళి ఆ ఒక్క తీగ మార్చి వచ్చిన ఇళ్ళు ఉన్నాయి.

గది మరీ ఖాళీగా ఉందో లేదో తెలియాలంటే నిలబడి ఒక్క చప్పట కొట్టు. వెనక "టంగ్" అని తోక వినపడితే కర్టెను మందంగా వెయ్యి, కాళ్ళ దగ్గర ఒక కార్పెట్టో దుప్పటో పరుచు. మంచం మీది దూది పరుపు ఇప్పటికే నీకు సాయం చేస్తోంది. గోడకి అతికించే ఆ పల్చటి నల్ల ఫోము ముక్కలు మాత్రం కొనకు, అవి పై శబ్దాన్ని మింగుతాయి గానీ బాస్ జోలికి పోవు, గది ఇంకా మొద్దుగా తయారవుతుంది.

కనెక్షన్ల సంగతి. కంప్యూటర్ వెనకున్న ఆకుపచ్చ రంధ్రం నుంచి ఆర్‌సీఏ కేబుల్ (స్పీకర్ వైపు ఎరుపు, తెలుపు పిన్నులు ఉండేది) లాగు, ముందువైపు హెడ్‌ఫోన్ రంధ్రం వద్దు, క్యాబినెట్ లోపలి గోల అందులోకి ఎక్కుతుంది. కంప్యూటర్‌లో వాల్యూమ్ నిండుగా ఉంచి స్పీకర్ నాబ్‌తో తగ్గించుకో, అప్పుడు స్స్‌స్ అనే సద్దు తక్కువ. టీవీకి ఆప్టికల్ వైరు. అది పెట్టినా శబ్దం రావట్లేదని చాలామంది కంగారు పడతారు, టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ని పీసీఎంకి, అంటే మామూలు రెండు చానళ్ళ శబ్దానికి మార్చాలి, టీవీ సినిమా హాలు తరహా డాల్బీ పంపుతుంటే ఈ స్పీకర్లకి అది అర్థం కాదు. బ్లూటూత్ ఫోన్‌లో పాటలకి బాగుంటుంది, గేమ్స్‌కి వాడొద్దు, మామూలు బ్లూటూత్‌లో సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యం ఉంటుంది, తుపాకీ పేలాక శబ్దం వస్తుంది.

"మ్‌మ్‌మ్" అని ఆగకుండా హమ్ వస్తే ముందు కంప్యూటరూ స్పీకర్లూ ఒకే స్పైక్ గార్డ్‌లో పెట్టి చూడు, ఎక్కువసార్లు అక్కడికే పోతుంది. లాప్‌టాప్ అయితే చార్జర్ పీకి చూడు, ఆగిపోతే గ్రౌండ్ లూప్, అంటే ఎర్త్ తీగల గుండా తిరిగే కరెంటు, దానికి ఐసోలేటర్ అని చిన్న డబ్బీ దొరుకుతుంది, వైరు మధ్యలో పెట్టడమే. ప్లగ్గు మూడో పిన్ను విరిచి హమ్ పోగొట్టే సలహా ఎవరిచ్చినా వినకు, అది ప్రాణానికి రక్షణ. క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే వేళ్ళు జుమ్మంటున్నాయంటే ఆ సాకెట్లో ఎర్త్ లేదు, పాత అద్దె ఇళ్ళల్లో ఇది మామూలే, స్పీకర్ల కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు.

మోడల్ పేరు చెప్పమన్నావు. నీ బడ్జెట్ చుట్టుపక్కల ఎడిఫయర్ ఆర్1280డీబీ చూడు, 4 అంగుళాల వూఫర్లు, రెండూ కలిపి 42 వాట్స్ ఆర్‌ఎంఎస్, ఆప్టికల్, బ్లూటూత్, రెండు ఆర్‌సీఏ ఇన్‌పుట్లు ఉంటాయి, హెచ్‌డీఎంఐ ఉండదు. దాని పేరు చివర ఇంకో ఎస్ ఉన్న మోడల్‌కి సబ్ అవుట్ కూడా ఉంది. ప్రిసోనస్ ఎరిస్ 3.5 జత గొంతుకి చాలా స్వచ్ఛంగా ఉంటుంది, ఆప్టికల్ లేదు, టీవీ ఆలోచన లేకపోతే అదీ మంచిదే. ధరలు సేల్ సేల్‌కీ మారతాయి, అందుకే రాయట్లేదు. ఒక్క జాగ్రత్త: యమహా హెచ్ఎస్5, జేబీఎల్ 305పీ లాంటి స్టూడియో మానిటర్లు (రికార్డింగ్ వాళ్ళు వాడే స్పీకర్లు) చూసి ధర బాగుందే అనుకుంటావు, అవి ఒక్కటొక్కటిగా అమ్ముతారు, చూసిన ధర ఒక్క డబ్బాది. వాటికి ఆర్‌సీఏ, ఆప్టికల్, రిమోటు ఏవీ ఉండవు, కేబుల్స్ కూడా వేరే కొనాలి.

నా సమాధానం మారే సందర్భాలు కూడా ఉన్నాయి. టేబుల్ మరీ చిన్నదై కేవలం కాల్స్‌కీ యూట్యూబ్‌కీ అయితే క్రియేటివ్ పెబుల్ లాంటి యూఎస్‌బీ జత చాలు, మిగతా డబ్బు దాచుకో. హాల్లో టీవీయే ముఖ్యం, ఊర్నించి అమ్మానాన్న వచ్చినప్పుడు సీరియల్ మాటలు స్పష్టంగా వినపడాలి, వాళ్ళకి ఒక్క రిమోట్ చాలాలి అనుకుంటే మంచి సౌండ్‌బార్ తీసుకో, హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ వైరులోనే సౌండ్‌బార్‌కి పంపేది) ఉన్నదే తీసుకో, టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ పనిచేస్తుంది. గేమ్‌లో అడుగుల చప్పుడు ఎటునుంచో తెలియాలంటే హెడ్‌ఫోన్సే, స్పీకర్లతో ఆ పోటీ వద్దు.

కొనేటప్పుడు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారుకి వెళ్తావు కదా, ఆదివారం చాలా షాపులు మూస్తారు, మామూలు రోజు మధ్యాహ్నం లోపు వెళ్ళు. ఆ ఇరుకు షాపుల్లో రోడ్డు గోల మధ్య బాస్ తెలీదు, తెలుసుకోవాలని ప్రయత్నించకు, గొంతు విను. నీకు బాగా తెలిసిన పాటలు ఫోన్‌లో పెట్టుకుని ఫోన్‌ని స్పీకర్‌కి కలిపే ఆక్స్ వైరు నువ్వే తీసుకెళ్ళు, వాళ్ళు పెట్టే డెమో పాటలు ఏ డబ్బాలోనైనా బాగానే ఉంటాయి. బాస్ నాబ్ మధ్యకి తెమ్మను. రెండు సెట్లు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చేయించు, కొంచెం గట్టిగా ఉన్నదే చెవికి మంచిదనిపిస్తుంది, అమ్మేవాళ్ళకి అది తెలుసు. జీఎస్టీ బిల్లు లేకుండా ఐదొందలు తగ్గిస్తామంటే ఒప్పుకోకు, వారంటీ పోతుంది.

సెకండ్ హ్యాండ్ కూడా ఆలోచించు, బెంగళూరులో ఊరు మారేవాళ్ళు, అమెరికా వెళ్ళేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో మంచివే వస్తాయి. కోను చుట్టూ ఉండే అంచుని వేలితో తాకి చూడు, రబ్బరైతే పర్లేదు, ఫోమైతే ఏళ్ళు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. కోన్‌ని రెండు వేళ్ళతో మెల్లగా లోపలికి నొక్కితే గీరుకున్న చప్పుడు రాకూడదు. ఏ వైరూ పెట్టకుండా ఆన్ చేసి చెవి దగ్గర పెట్టు, చిన్న సద్దు ఉంటే సరే, హమ్ ఉంటే వదిలెయ్. నాబ్ తిప్పితే గరగరమంటే ధర తగ్గించమను, క్లీనర్ స్ప్రేతో పోయేదే అది.

నీ టేబుల్ లోతెంతో, అది ఏ గోడకుందో, కిటికీ ఎటుందో రాయి, వీలైతే గది ఫోటో పెట్టు. పది అడుగుల గోడకా పదకొండు అడుగుల గోడకా, టేబుల్ ఎటు తిప్పితే బాగుంటుందో చూసి చెప్తా.